చదునుగా పరుచుకోని బొంత

మేరి చేతిలో సూది ఉన్నంతసేపు ఆమెతో మాట్లాడకూడదు. మాట్లాడితే ఏమవుతుందో రాజబాబుకు పెళ్ళయిన కొత్తలోనే తెలిసొచ్చింది. అప్పట్నుంచి టీ కావలసినా సైగ చేసే అడుగుతాడు. హార్బర్‌లో లాంచీ నడిపి రిటైరైన మనిషి, గాలివాటం చూసుకుని మసలడం ఆయనకు కొత్తేమీ కాదు.

ఆ ఏడు వానాకాలమంతా మేరి చేతిలోంచి సూది దిగలేదు. పోర్ట్‌బ్లెయర్‌లో, మిన్నీ బే దగ్గర వాళ్ళ ఇల్లు కొండవాలు మీద ఉంటుంది. వాన పట్టుకుందంటే కిటికీలోంచి సముద్రం ఎక్కడ ఆగిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. అంతా ఒకటే బూడిదరంగు. ఆ వెలుతురులో మేరి తన తల్లి మంచం మీద బాసింపట్టు వేసుకుని, ఆమె చీరల్ని ఆరు పలకల బిళ్ళలుగా కోసి కూర్చుకుంటూ ఉండేది.

తల్లి పేరు అచ్చమ్మ. పెళ్ళికూతురుగా విశాఖపట్నంలో ఓడెక్కి, దారిపొడుగునా వాంతులు చేసుకుంటూ ఈ దీవుల్లో దిగిన మనిషి. ఇద్దరు కూతుళ్ళు. పెద్దది మేరి, చిన్నది క్యారొలిన్. ఆఖరి రోజుల్లో అచ్చమ్మ, బస్సులో రోజంతా పట్టే మాయాబందర్‌లో చిన్నకూతురి దగ్గర ఉండి, అక్కడే పోయింది. పోయి ఏడాది కావస్తోంది. ఆ రోజుకు మిన్నీ బే ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారు. పాస్టరుగారు వస్తారు, మిడిల్ పాయింట్ నుంచి తెలుగు సంఘం వాళ్ళంతా వస్తారు. వాళ్ళు వచ్చేసరికి తల్లి మంచం మీద తల్లి చీరల బొంత పరిచి ఉండాలి, ఎక్కడా ముడత లేకుండా. అదీ మేరి పట్టుదల.

బొంత ఆలోచన మేరి కూతురు టీనాది. సమాధి అయ్యాక ఆదరణ కూడికనాడు ఆడవాళ్ళు మామూలుగా అడిగేది అడిగారు, అమ్మగారి చీరలు ఎవరికైనా ఇచ్చేస్తారా అని. అక్కచెల్లెళ్ళిద్దరూ ఒక్కసారే ట్రంకుపెట్టె మీద చెయ్యి వేశారు. చేతులు తగిలాయి గానీ కళ్ళు కలవలేదు. అప్పుడు టీనా ఫోనులో ఒక వీడియో చూపించింది. కాగితం బిళ్ళ మీద గుడ్డ మడిచి కచ్చా కుట్టు వేయడం, బిళ్ళకు బిళ్ళ అంచు కలిపి సన్నగా కుట్టడం, చుట్టూ అన్నీ కలిశాక లోపలి కాగితం లాగేయడం. చెరి సగం కుట్టండి, తర్వాత కలిపేద్దాం అంది పిల్ల. ఒక్కో చీరనూ ఇద్దరూ చెరో కొస పట్టుకుని నిలువునా చింపారు. చర్రుమని ఆ చప్పుడు గదంతా వినిపించింది.

కళ్ళు ఎందుకు కలవలేదో కూడా చెప్పుకోవాలి. తల్లికి బాగా లేదని ఫోను రాగానే మేరి మొదటి బస్సు పట్టుకుంది. అడవి దారికి గేటు పెట్టి, బళ్ళన్నిటినీ గుంపుగా, వేళ ప్రకారమే వదులుతారు. బస్సు టైరు పంక్చరై ఆ గుంపు తప్పిపోయింది. మళ్ళీ గేటు తీసేదాకా మేరి రోడ్డు పక్క బల్ల మీద కూర్చుంది. ఫోనులో సిగ్నల్ లేదు. ఆమె మాయాబందర్ చేరేసరికి మట్టి కప్పేశారు. వాన నీళ్ళు ఆ మట్టి మీద కాలువలు కట్టి పారుతున్నాయి. గొడుగు కింద నిలబడ్డ చెల్లెల్ని మేరి ఒక్కటే అడిగింది, నా కోసం ఆగలేకపోయారా అని. క్యారొలిన్ గొడుగు అక్క మీదికి జరిపింది. ఆమె భర్త విన్సెంట్ పక్కనుంచి ఏదో చెప్పబోయాడు, గొయ్యి నీళ్ళతో నిండిపోతోందని, చీకటి పడేదాకా చూశామని. మేరి వినిపించుకుంటే కదా.

అప్పట్నుంచీ మాటలు టీనా నోటి మీదుగానే. పిన్ని పూఛ్ రహీ హై, అంచుకు ఏ రంగు వెయ్యాలి అని, అంటుంది పిల్ల, సగం హిందీలో. మీ పిన్నికి చెప్పు, ముక్కుపొడుం రంగు వెయ్యమని, అంటుంది మేరి. చెల్లెలి గొంతు ఫోనులోంచి ఆ గదిలో వినబడుతూనే ఉంటుంది, అయినా సరే.

ఇక కొలత సంగతి. అచ్చమ్మ మోకాలికి తీసిన ఎక్స్‌రే ఒకటి ఇంట్లో ఉండిపోయింది. గట్టి ఫిల్ము, తడికి చెడదు, కత్తెర అంచుకు అరగదు. మేరి దాంట్లోంచి ఒక బిళ్ళ కోసి దాన్నే కొలతగా పెట్టుకుంది. వెలుతురుకు ఎత్తి చూస్తే మోకాలి ఎముక తెల్లగా, మబ్బులా కనిపిస్తుంది. ఆ బిళ్ళ పెట్టి గీసి, పాత శుభలేఖలు కోసింది. తెలుగువాళ్ళ ఇళ్ళల్లో శుభలేఖలకు కొదవేముంది? పోర్ట్‌బ్లెయర్‌లో సగం పెళ్ళిళ్ళు ఆ బొంత కడుపులోకి వెళ్ళాయి. చెల్లెలికి మాత్రం కొలతకని శుభలేఖలోంచి కోసిన ఒక్క కాగితం బిళ్ళ పంపించి, దీన్నిబట్టి కోసుకోమంది. ఎక్స్‌రేలో ఇంకో బిళ్ళకు చోటుంది. కానీ మేరికి చెయ్యి రాలేదు. అమ్మ ఎముక అది, ఎలా ఇస్తాను అని తనకు తాను చెప్పుకుంది. కొంచెం కచ్చ కూడా ఉందనుకోండి.

మధ్యాహ్నాలు అన్నం తిన్నాక వాన చప్పుడుకు కళ్ళు బరువెక్కేవి. సూది గుడ్డలోకి దిగుతుంది, వస్తుంది, దిగుతుంది. చేతిలో తెల్లచుక్కల నీలం బిళ్ళ ఉంటే మేరి ఒక్కసారిగా చిన్నపిల్ల అయిపోయేది. అమ్మ జెట్టీ మీద నిలబడి ఉంటుంది, ఆ నీలం కొంగు గాలికి మేరి ముఖం మీద పడుతుంది, కొంగులోంచి చూస్తే సముద్రం నిండా తెల్లచుక్కలు. చిలకపచ్చ బిళ్ళ పట్టుకుంటే క్రిస్మసు ముందురోజు, అమ్మ అరిసెలు వత్తుతుంది, చంటిపిల్ల క్యారొలిన్ ఆ పచ్చ ఒడిలో నిద్రపోతుంది. కనకాంబరం రంగు చీర అమ్మ ఎప్పుడు కట్టిందో ఎంత తలచుకున్నా గుర్తుకు రాలేదు. ఆ రంగు బిళ్ళలన్నీ పేరు లేని రోజులు.

ఒక్కోసారి అమ్మే వచ్చి మంచం చివర కూర్చునేది. తల తడిసి ఉంటుంది. నా చీరలేవే అని అడుగుతుంది. ఇవిగో అని మేరి బిళ్ళలు చూపిస్తే వంగి ఒక్కొక్కటీ ఏరుకుని ఒళ్ళో వేసుకుంటుంది. ఎంతసేపు కూర్చున్నా అటే తిరిగి కూర్చుంటుంది, ముఖం కనిపించదు. అమ్మా, ఇటు తిరుగు అని మేరి అనబోయేసరికి వేలికి సూది గుచ్చుకుని మెలకువ వచ్చేస్తుంది. కిటికీలో ఆ బూడిదరంగే ఉంటుంది, రాజబాబు వరండాలో గురక పెడుతుంటాడు. ఆఖరిచూపు దక్కలేదు కాబట్టే ముఖం కనిపించడం లేదని మేరి నమ్మకం. రెండు సగాలూ కలిసి అమ్మ మంచం మీద చదునుగా పడితే, ఆ రాత్రికి అమ్మ ఇటు తిరుగుతుందని ఇంకో నమ్మకం. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెబితే పాస్టరుగారు ఏమంటారో ఆమెకు తెలుసు.

కూడికకు ముందురోజు మధ్యాహ్నం క్యారొలిన్ వచ్చింది. బస్సులో వచ్చి, చెప్పుల నిండా బురదతో, తన సగం బొంతను ప్లాస్టిక్ కవరులో చుట్టి చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. రాజబాబు బయటికి వెళ్ళాడు, కూడికకు కుర్చీలు మాట్లాడాలని. టీనా కాలేజీలో ఉంది. మధ్యలో మాట మోసేవాళ్ళు ఎవరూ లేరు. మేరి తువ్వాలు ఇచ్చింది, టీ ఇచ్చింది, తిన్నావా అని అడిగింది. తిన్నానంది చెల్లెలు. అంతటితో మాటలైపోయాయి.

నేల తుడిచి, మేరి ముందు తన సగం పరిచింది. పరిచిందీ లేదూ, అది నేలకు అతుక్కుపోయింది. పక్కన చెల్లెలి సగం పరిచింది. బయటి వరస బాగానే ఉంది. రెండో వరస, మూడో వరస కూడా పర్వాలేదు. కలపాల్సిన అంచుకు వచ్చేసరికి గుడ్డ లేచి పావడా కుచ్చిళ్ళలా అలలు అలలుగా నిలబడింది. మేరి అరచేత్తో నొక్కింది. ఇక్కడ నొక్కితే అక్కడ లేచింది. రెండంచుల బిళ్ళలూ ఒకటే లెక్క, అయినా చెల్లెలి అంచు జానెడు పైగా పొడుగుంది. రెండంచుల్లోనూ చెరో బిళ్ళను మడిచి ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తే, చెల్లెలి బిళ్ళ కింద నుంచి చుట్టూ గోరంత గోరంత బయటికి కనిపించింది.

మేరికి ఎక్కడ లేని కోపం వచ్చింది. ఏడాదిపాటు చేసిన పని, రేపు పొద్దున మనుషులు వస్తారు. కొలత అని ఒకటి పంపితే దాన్నిబట్టి కోయడం కూడా చేతకాదా అంది. చిన్నప్పట్నుంచీ నీ పని ఇంతే అంది. కుట్టుపెట్టెలోంచి కత్తెర తీసి, ఈ అంచు నాలుగు వరసలూ విప్పేస్తాను, మళ్ళీ కోసి నేనే కుడతాను అంటూ వంగింది.

క్యారొలిన్ ఆ గుడ్డ మీద చెయ్యి పెట్టింది.

"విప్పకక్కా."

"విప్పకపోతే ఎలా కలుస్తాదే?"

"నువ్వు పంపింది కాయితం బిళ్ళ ఒక్కటే కదా. మాయాబందర్ తడికి అది మెత్తబడిపోయింది. దాని మీద పెన్సిల్ పెట్టి గీసి ఇంకోటి కోశాను. అదీ మెత్తబడింది, దాని మీద ఇంకోటి. గీత మందాన పెరిగిపోతన్నాదని నాకేటి తెలుసు? ఏ బిళ్ళకాబిళ్ళ పక్కదానితో సరిపోతానే ఉంది."

కుట్టుపెట్టెలో పైనే ఉంది ఎక్స్‌రే బిళ్ళ. మేరి చూపు దాని మీద పడింది, చెల్లెలి చూపూ పడింది. మూత వేసేద్దామని మేరి చెయ్యి కదిలింది కానీ వేయలేకపోయింది. తప్పు తనదేనని తెలిసిపోయింది. తెలిస్తే మాత్రం ఏం, ఒప్పుకోవడానికి నోరు రావద్దూ? తప్పు తనదైనప్పుడే మేరికి కోపం రెట్టింపవుతుంది. ఏడాదిగా లోపల దాచుకున్నదంతా బయటికి వచ్చేసింది.

"అవునే, ఇవ్వలేదు. అమ్మ నీ దగ్గరే ఉంది. ఆఖరిచూపు నీకే దక్కింది. నాకు ఆ మోకాలి బొమ్మయినా ఉండకూడదా?"

బయట వాన రేకుల మీద జోరు పెంచి, మళ్ళీ తగ్గింది.

"నాకేటి దక్కిందక్కా?" అంది క్యారొలిన్ చివరికి.

అప్పుడు చెప్పింది, గుడ్డ మీద చెయ్యి తీయకుండానే, తల ఎత్తకుండానే. ఆ రోజు పొద్దున్నుంచీ అమ్మ మేరీ, మేరీ అని పిలుస్తూనే ఉందట. అక్క బయల్దేరిందమ్మా, దారిలో ఉంది, వచ్చేస్తాది అని చెబితే వినిపించుకోలేదట. చలి అంటే దుప్పటి కప్పింది, ఇంకా చలి అంటే పక్కన పడుకుని పట్టుకుంది. మధ్యాహ్నం మబ్బు కమ్మి వెలుగు తగ్గుతుండగా అమ్మ కళ్ళు తెరిచిందట. చూపు ఆనడం లేదు. చేత్తో తడిమి క్యారొలిన్ చెయ్యి దొరకబుచ్చుకుంది.

"మేరీ, వచ్చావా, అని అడిగింది. వచ్చానమ్మా అన్నాను. బస్, అంతే. ఎంత నెమ్మది అయిపోయిందో ముఖం. నీ చెయ్యే అనుకుని నా చెయ్యి పట్టుకుని ఎళ్ళిపోయింది. నా పేరు ఒక్కసారైనా పిలుస్తాదేమోనని చూస్తా పడుకున్నాను. పిలవలేదక్కా."

మేరి చేతిలో కత్తెర అలాగే ఉంది.

"గొయ్యి దగ్గర నువ్వు ఆగలేకపోయారా అని అడిగితే ఏటి చెప్పను? నిన్ను చూసే పోయింది అని చెప్పనా? నీ పేరు నేను వాడేసుకున్నానని చెప్పనా?"

ఇంత మాట చెప్పి క్యారొలిన్ ఏడవలేదు. ఏడాదిగా మోసిన బరువు దింపినవాళ్ళకు ఒంట్లో ఉన్న శక్తంతా దాంతోపాటే దిగిపోతుంది. వెనక్కి జరిగి అమ్మ మంచానికి ఆనుకుంది, తర్వాత మంచం ఎక్కింది, అటు తిరిగి ముడుచుకుని పడుకుంది. రాత్రి తెల్లవారకముందే బయల్దేరిన మనిషి. చూస్తుండగానే ఊపిరి బరువెక్కింది.

మేరి కదలకుండా కూర్చుంది. ఏడాదిగా తాను చెల్లెలి మీద పెంచుకున్న కోపం, గేటు దగ్గర బల్ల, పంక్చరైన టైరు, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. అంతకాలం తాను ఏ చూపు కోసం ఏడ్చిందో ఆ చూపు తనకే దక్కింది, తాను లేకుండానే. పక్కనే ఉన్నదానికి ఏమీ దక్కలేదు. ఎంత పాపిష్టిదాన్ని అనుకుంది మేరి, ఆ మాట పైకే అంది. వినడానికి ఎవరూ మెలకువగా లేరు.

తర్వాత కత్తెర ఎత్తింది. బిళ్ళలు విప్పడానికి కాదు. చెల్లెలి అంచు వరసలో కచ్చా కుట్ల దారం మాత్రం తెంపి, లోపలి కాగితాలు మెల్లగా లాగింది. కాగితం ఉంటే బిళ్ళ లొంగదు. తీసేస్తే గుడ్డ చెప్పినట్టు వింటుంది. మాయాబందర్ కాగితాలు చేతికి పిండి అప్పడాల్లా మెత్తగా తగిలాయి. పెద్ద బిళ్ళ మూల చిన్న బిళ్ళ మూలకు చేర్చి, మిగిలిన పొడుగును బొటనవేలి కింద నలిపి, ఒక్కో కుట్టులో దారం వాసి గుడ్డ ఎక్కువ మింగిస్తూ కలుపుకుంటూ పోయింది. ఇటువంటి కుట్టు మేరి తన పనిలో ఎన్నడూ ఒప్పుకోలేదు. ఎవరైనా అలా కుట్టుకొస్తే తిరగేసి చూసి నవ్వే మనిషి.

వాన పడుతూనే ఉంది. నీలం పక్కన నీలం, పచ్చ పక్కన ముక్కుపొడుం రంగు. నిలువునా చింపిన చీరలు మళ్ళీ ఒక్కో వేలి పొడుగున కలుస్తున్నాయి. కళ్ళు మూతలు పడుతున్నాయి, చెయ్యి మాత్రం దారి ఎరిగినట్టు పోతోంది. కలలోనో మెలకువలోనో మేరికి తెలియలేదు, అమ్మ వచ్చి మంచం చివర కూర్చుంది. ఈసారి చీరలు అడగలేదు. పడుకున్న చిన్నకూతురి పాదాల దగ్గర చెయ్యి వేసి ఊరికే కూర్చుంది. ఇటు తిరగమని మేరి కూడా అడగలేదు.

చివరి కుట్టు వేసి దారం తెంపేసరికి గదిలో వెలుతురు పలచబడింది. మేరి బొంత దులిపి నేల మీద పరిచింది. అంచులు బాగానే పడ్డాయి, మధ్యలో మాత్రం, రెండు సగాలూ కలిసిన చోట, బుట్ట బోర్లించినట్టు ఉబ్బింది. నొక్కితే పక్కకు జరిగింది, లాగితే తిరిగి వచ్చింది. రేపు సంఘంలో ఆడవాళ్ళు చూస్తారు. మేరి కుట్టిన బొంతేనా ఇది అంటారు. అననీ, అనుకుంది.

మంచం మీద క్యారొలిన్ చలికి మోకాళ్ళు ఇంకా దగ్గరికి లాక్కుంది. మేరి బొంత ఎత్తి ఆమె మీద కప్పింది. నేల మీద ఎంత నొక్కినా లొంగని ఉబ్బు ఒక మనిషి భుజం, నడుము కిందికి రాగానే సర్దుకుని కూర్చుంది. ఎక్కడా ముడత లేదు. లోపల మిగిలిన శుభలేఖలు చిన్నగా గలగలమన్నాయి.

అచ్చమ్మకు క్యారొలిన్ అన్న పేరు చచ్చినా నోరు తిరిగేది కాదు. ఏ దొరసాని పేరో అది, పాస్టరమ్మగారు పెట్టారు. అమ్మ మాత్రం కారలమ్మా అని పిలిచేది, చివర రాగం తీసి, వీధి చివరిదాకా వినిపించేలా. అమ్మ పోయాక ఆ పేరుతో పిలిచేవాళ్ళు లోకంలో లేరు. మేరి గొంతు అచ్చం తల్లి గొంతేనని ఊళ్ళో అందరూ అనేవారు. మేరికి ఆ మాట ఎప్పుడూ నచ్చేది కాదు.

ఆమె వంగి చెల్లెలి చెవి దగ్గరికి ముఖం పెట్టింది.

"కారలమ్మా," అని పిలిచింది, చివర రాగం తీసి.

క్యారొలిన్ కళ్ళు తెరవలేదు. నిద్రలోనే ముఖం ఇటు తిరిగింది. నుదుటి మీద ముడత ఒకటి ఉండేది, అది విడిపోయింది.

"ఆఁ, అమ్మా," అంది.

"పడుకో తల్లీ," అంది మేరి. "అన్నం వేళకు లేపుతాను."